మ్యూకోసీల్‌కు నలభై ఒక్క రోజుల ఆవిరి?

మా పదో తరగతి మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలో నాలుగోసారి అదే సందేశం వచ్చింది. సైనస్‌లో, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదిలో, మ్యూకోసీల్ (దారి మూసుకుపోయి శ్లేష్మం నిండి సంచిలా ఉబ్బిన గడ్డ) ఉందంటే ఆపరేషన్‌కు తొందరపడవద్దట. పసుపు, వాము వేసి నలభై ఒక్క రోజులు ఆవిరి పడితే గడ్డ కరిగిపోతుందట. డాక్టర్లు గడ్డను తీయకుండా లోపల కన్నం పెట్టి వదిలేస్తారట. క్యాన్సర్ అవుతుందని భయపెడతారట. అసలు ఈ జబ్బు ఆపరేషన్ల వల్లే వస్తుందట. చెవి, ముక్కు, గొంతు వైద్యుడినైన నాకే ఇది పంపుతున్నారు కనుక జవాబు రాయక తప్పడం లేదు.

క్యాన్సర్ సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. మ్యూకోసీల్ క్యాన్సర్ కాదు. అలా భయపెట్టిన డాక్టరు ఎవరైనా ఉంటే తప్పు ఆయనదే.

కన్నం పెడతారన్నది నిందగా రాశారు గాని, చికిత్స అదే. ఆ సంచి గోడ సైనస్ సొంత పొరే కనుక దాన్ని ఒలిచి తీయనక్కరలేదు. మూసుకుపోయిన దారిని ఎండోస్కోప్‌తో (ముక్కులోంచి లోపలికి చూపే సన్నటి గొట్టంతో) ముక్కులోకి వెడల్పుగా తెరిస్తే చాలు. ఒకప్పుడు నుదుటి ఎముకను మూతలా ఎత్తి, సైనస్ పొరంతా గీకేసి, పొట్ట మీది కొవ్వుతో నింపేవారు. 1989లో అమెరికాలోని ముక్కు వైద్యుడు డేవిడ్ కెనడీ బృందం ముక్కులోంచే ఈ పని చేయవచ్చని ప్రచురించాక ఆ కోతలు చాలావరకు తగ్గాయి. నుదుటి సైనస్‌లో బాగా బయటి అంచున ఉన్న గడ్డకు మాత్రం నేటికీ పైనుంచి కోత అవసరం కావచ్చు.

ఇక ఆవిరి. ఆవిరి ముక్కు వరకే వెళ్తుంది, గడ్డ ఉన్నదేమో దారి మూసుకుపోయిన ఎముక గదిలో. గడియ పెట్టిన గదిలోని చెమ్మను వాకిట్లో కుంపటి పెట్టి ఆరబెట్టినట్టుంది ఈ వైద్యం. ఈలోగా శ్లేష్మం ఊరుతూనే ఉంటుంది, ఎముక పలచబడుతూనే ఉంటుంది. ఇలాగే ఆగి ఆగి వచ్చిన ఒక రైతుకు ఎడమ కన్ను కిందికి, బయటికి జరిగి, మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టూ రెండుగా కనిపించేది. కనుబొమ కింద వేలితో మెల్లగా నొక్కితే ఎముక గుడ్డు పెంకులా పిటపిటలాడింది. దారి తెరవగానే తుమ్మబంకలా చిక్కటి శ్లేష్మం సాగుతూ వచ్చింది. ఆయన అదృష్టవంతుడు, కన్ను తిరిగి చోటుకు చేరింది. అదే గడ్డ ముక్కు వెనుక, తల నడిమధ్యన ఉండే స్ఫీనాయిడ్ సైనస్‌లో ఉంటే, కంటి నరం దానికి ఆనుకునే ఉంటుంది కనుక, చూపు రోజుల్లోనే పడిపోవచ్చు, ఆలస్యమైతే తిరిగి రాకపోనూ వచ్చు. నలభై ఒక్క రోజుల దీక్ష ముగిసేసరికి ఆ కంటికి గిన్నెలోని పసుపు ఏ రంగులో ఉందో కూడా తెలియకపోవచ్చు. సందేశం రాసిన మహానుభావుడు ఆ లెక్క వేసినట్టు లేదు.

చివరి మాట దగ్గర మాత్రం నేను తగ్గాలి. ఆపరేషన్ల వల్ల మ్యూకోసీల్ రావడం నిజంగానే ఉంది. పాతకాలంలో పై పెదవి కింద కోసి చేసిన కాల్డ్‌వెల్–లూక్ ఆపరేషన్ తర్వాత మచ్చకట్టి, ఏళ్ళు గడిచాక బుగ్గలో ఈ గడ్డలు వచ్చాయి. జపాన్ వైద్యులు వీటి గురించి చాలా రాశారు. అందుకే బుగ్గ వాపుతో పెద్దవారెవరైనా వస్తే, స్కాన్ చూడకముందే వారి పై పెదవి ఎత్తి, పాత కోత మచ్చ ఉందేమో చూస్తాను.