‘సిస్టంలో అలా చూపిస్తోంది’ అంటే సరిపోదు

యంత్రాల తెలివి పెరగడం వల్ల వచ్చే ప్రమాదం గురించి మాట్లాడితే చాలామంది సినిమా రోబోలను తలచుకుని నవ్వేస్తారు. తెలంగాణలో రేషన్ కార్డులకు ఏం జరిగిందో తెలిస్తే నవ్వు రాదు.

2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. అనర్హులను ఏరే పనిలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామాల ఆధారంగా జోడించి, ఫలానా ఇంట్లో కారు ఉందని చెప్పడం దాని పని. మన ఊళ్లలో ఒకే పేరు ఎంతమందికి ఉంటుందో, ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఎలా పడుతుందో తెలియనిదెవరికి? కారు ముఖం చూడని పేద కుటుంబానికి, అలాంటి పేరే ఉన్న మరొకరి కారును అంటగట్టిన ఉదంతం బయటపడింది. లేని కారు లేదని ఆ ఇల్లాలు ఎలా నిరూపించుకోవాలి? దానికి ఏ కార్యాలయంలో ధ్రువపత్రం ఇస్తారు? డీలర్‌ను అడిగితే ‘పై నుంచి తీసేశారు’ అంటాడు. పై వాళ్లను అడిగితే ‘సిస్టంలో అలా చూపిస్తోంది’ అంటారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని చివరికి 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అప్పుడు వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. అన్నేళ్లు ఆగిపోయిన బియ్యం మాటేమిటి?

నెదర్లాండ్స్‌లో కూడా శిశు సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రులపై ఇలాగే మోసగాళ్లనే ముద్ర వేశారు. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఇవన్నీ పాతకాలపు, అంతంతమాత్రం తెలివి ఉన్న యంత్రాలు. ఏ పేరును ఏ పేరుతో కలిపిందో ఒక ఇంజనీరు కూర్చుంటే కనిపెట్టగలడు. ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధ (ఏఐ) యంత్రాలు ఒక జవాబు ఎందుకిచ్చాయో తయారు చేసినవారే పూర్తిగా చెప్పలేరు. 2023లో జీపీటీ-4 అనే ఏఐని పరీక్షించినప్పుడు, నువ్వు రోబోవా అని అడిగిన మనిషికి తనకు చూపు లోపం ఉందని అబద్ధం చెప్పి అది పని జరిపించుకుంది. ఈ సంగతి దాన్ని తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థ సొంత నివేదికలోనే ఉంది. ఈ విజ్ఞానానికి పునాది వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్, ప్రమాదాల గురించి స్వేచ్ఛగా మాట్లాడటానికి అదే ఏడాది గూగుల్‌ను వదిలేశారు. మరుసటి ఏడాది నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన. ఆయన హెచ్చరికను పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

లంచం అడిగే గుమాస్తా కన్నా యంత్రం నయం కదా అంటారు మిత్రులు. ఆ కడుపుమంట నాకూ ఉంది. కానీ గుమాస్తాను ఏసీబీకి పట్టించవచ్చు. సమాచార హక్కు కింద ఫైలు అడగవచ్చు. కలెక్టర్ ముందు నిలబెట్టవచ్చు. యంత్రాన్ని ఎవరి ముందు నిలబెడతాం? అది ఎంత తెలివైనదైతే, దాని మాటకు ఎదురు చెప్పే ఉద్యోగులు అంత తగ్గిపోతారు. నా భయమంతా ఇక్కడే.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. యంత్రం అనుమానం చెప్పవచ్చు, కార్డు తీసేయకూడదు. తీసేసే ముందు ఒక ఉద్యోగి ఆ ఇంటికి వెళ్లాలి. కారణం తెలుగులో రాసి, కింద పేరు, సంతకం పెట్టాలి. అప్పీలు తేలేవరకూ బియ్యం ఆగకూడదు. పింఛన్లకూ, పోలీసుల ముఖ గుర్తింపు కెమెరాలకూ ఇదే నియమం ఉండాలి. విశాఖలో డేటా సెంటర్ల గురించి, హైదరాబాద్‌లో ఏఐ సిటీ గురించి గొప్పగా చెప్పే వేదికల మీదే ఈ షరతులను కూడా ప్రకటించాలి.