1001 సంగతి కూడా రాయాల్సింది
మీ వ్యాసంలో పెద్ద సంఖ్య 7తో భాగం పోతుందో లేదో చూడటానికి, చివరి అంకెను రెట్టింపు చేసి మిగతా దాంట్లోంచి తీసేసే పద్ధతి ఒక్కటే ఇచ్చారండీ. పిల్లలకి 1001 కూడా చెప్పాలి. అది 7×11×13 కాబట్టి 7, 11, 13 మూడింటితో భాగం పోతుందో లేదో ఒక్క తీసివేతలో తేలిపోతుంది, ఎంత అందమైన విషయమో! మా గుంటూరు బ్రాడీపేట పిన్‌కోడ్ 522002 తీసుకోండి. కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి 522లోంచి 002 తీసేస్తే 520. అంటే 13×40. కాబట్టి 522002 కూడా 13తో శేషం లేకుండా పోతుంది. 7, 11తో పోదు. అంకెలు ఇంకా ఎక్కువుంటే కుడి నుంచి ఒక గుంపు కలుపుతూ, పక్కది తీసేస్తూ వెళ్లాలి. ఒక్కటే జాగ్రత్త, 5,22,002 అని మన లక్షల కామాల దగ్గర విడగొట్టకూడదు. ట్యూషన్‌లో పిల్లలు సరిగ్గా అక్కడే పొరబడుతుంటారు.