పక్షి రక్తం చూసేవారేరి?

కొల్లేటి గట్టు మీదో, కోరింగ మడ చెట్ల కిందో, భీమవరం పక్కన ఏ చేపల చెరువు అంచునో చలికాలంలో నాలుగు పక్షులు చచ్చి కనిపిస్తే మన నోట వెంటనే వచ్చే మాట బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఆ వైరస్ బయటపడినప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో ఇంకా గుర్తుంది కనుక ఆ భయం సహజమే. నమూనా భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్తుంది. పాజిటివ్ వస్తే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల మేర నిఘా పెడతారు. నెగెటివ్ వస్తే అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఫైలు మూసేస్తారు. మరి ఆ పక్షి ఎందుకు చచ్చినట్టు? అది అడిగే దిక్కు లేదు. మా బాధంతా ఆ అడగకపోవడం గురించే.

పక్షులకూ మలేరియా వస్తుంది. ఈ మాట చాలామందికి కొత్తగా ఉండొచ్చు గానీ, శాస్త్రానికి నూట పాతికేళ్ల పాతది. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతి మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. ఆ క్రిమి దోమ కాటుతోనే ఒంట్లోకి ఎక్కుతుందని ఆయన పూర్తిగా రుజువు చేసింది మాత్రం మరుసటి ఏడాది, కలకత్తాలో, పిచ్చుకల మీద. అంటే మనిషి మలేరియా గుట్టు విప్పడానికి సాయపడింది పక్షి రక్తమే. ఆ రుణం మనం తీర్చుకోలేదు.

పక్షుల నెత్తుట్లో కాపురముండే క్రిములు ముఖ్యంగా మూడు రకాలు. ప్లాస్మోడియం దోమల ద్వారా వస్తుంది. హీమోప్రోటియస్‌ను కంటికి కనిపించీ కనిపించని నుసుములు, ఈకల మధ్య పాకే ఒక జాతి ఈగలు మోస్తాయి. ల్యూకోసైటోజూన్ బాతుల్లో అయితే పారే నీటిలో పెరిగే చిన్న నల్ల ఈగల వల్ల, కోళ్లలో అయితే నుసుముల వల్ల పాకుతుంది. ఇవేవీ మనుషులకు అంటవు. కోడిగుడ్డు తినొచ్చా, బాతు మాంసం వండొచ్చా అని ఎవరూ కంగారుపడనక్కర్లేదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అడవి పక్షుల్లో చాలావాటికి ఈ క్రిములు తక్కువ సంఖ్యలో ఉంటాయి, పైకి ఏ లక్షణమూ కనిపించదు. తరాల తరబడి అలవాటైన పొరుగు అది. చిక్కంతా పక్షి నీరసించినప్పుడు, తిండి తగ్గినప్పుడు, ఇరుకు నీటిలో గుంపులుగా చేరినప్పుడు, లేదా ఆ క్రిమి ఎన్నడూ ఎరగని కొత్త జాతి ఒంట్లోకి దిగినప్పుడు వస్తుంది.

ఆ కొత్త జాతికి ఏం జరుగుతుందో హవాయి దీవులు చూపించాయి. అక్కడ దోమన్నదే ఉండేది కాదు. 1826 ప్రాంతంలో ఓడల మంచినీటి పీపాల్లో దిగింది. తర్వాత పక్షుల మలేరియా క్రిమి కూడా చేరింది. హనీక్రీపర్ అనే అక్కడి చిన్న పక్షుల్లో ఒకప్పుడు 50కి పైగా ఉన్న జాతుల్లో నేడు 17 మాత్రమే మిగిలాయి. అడవులు నరకడం, ఎలుకలు, పిల్లులు కూడా కారణాలే గానీ దోమ వాటా చాలా పెద్దది. మిగిలినవి ఎత్తైన కొండల మీద బతికాయి, ఎందుకంటే 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దోమ ఒంట్లో ఆ క్రిమి ఎదగదు. మన డెల్టాలో పుష్య మాసపు తెల్లవారుజామున కూడా సాధారణంగా అంత చలి ఉండదు.

ఆ హవాయి దోమ మనకు కొత్తది కాదు. క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియేటస్ అని దాని శాస్త్రీయ నామం. మన వీధి మురుగు కాలువలో పుట్టి, బోదకాలు పురుగును మోసే దోమ అదే. బోదకాలు గోదావరి జిల్లాలను ఎంత పీడించిందో ఇక్కడి పెద్దవాళ్లను అడగనక్కర్లేదు. ఆ పురుగు పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి వస్తాయి కనుక ఆరోగ్య సిబ్బంది చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. అరుగు మీద కూర్చోబెట్టి, వేలు గుచ్చి, చుక్క రక్తం గాజు పలక మీద తీసుకుపోయేవారు. పలక మీద రక్తం చదవడం ఈ నేలకు తెలియని విద్య కాదు. పక్షి దగ్గరకు వచ్చేసరికే ఆ విద్యను పక్కన పెట్టేశాం.

నిజానికి అదేమంత ఖరీదైన పని కాదు. రెక్క అడుగున సన్నటి నరం ఉంటుంది. అక్కడ సూదితో గుచ్చి ఒక చుక్క పలక మీద వేయాలి. రెండో పలకను ఏటవాలుగా ఆనించి ముందుకు లాగితే రక్తం పల్చగా పరుచుకుంటుంది. ఆరాక మిథనాల్‌లో ముంచి, గీమ్సా రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద నూనె చుక్క వేసి చూడాలి. మనిషి ఎర్రకణానికి లేని కేంద్రకం పక్షి ఎర్రకణానికి ఉంటుంది. కోలగా ఉండే కణం మధ్యలో ఊదా రంగు గింజలా కనిపిస్తుంది. హీమోప్రోటియస్ పట్టిన కణంలో ఆ గింజను ఒక పక్క నుంచి చుట్టుకుని చంద్రవంక లాంటి ఆకారం, దాని నిండా బంగారు గోధుమ రంగు నలకలు ఉంటాయి. ల్యూకోసైటోజూన్‌లో ఆ నలకలు ఉండవు, కణమే రూపం మారి ఉబ్బిపోతుంది. ఒకసారి చూసిన కన్ను మర్చిపోదు. చూపించే గురువు, చూసే తీరిక కావాలి, అంతే.

ఇది అడవి పక్షుల గొడవే కదా, మనకెందుకు అనేవారు బాతుల మందలు కాసేవాళ్ల వైపు చూడాలి. సార్వా కోతలు అయ్యీ కాగానే వందల బాతులను తోలుకుని వాళ్లు ఊరూరా తిరుగుతారు. చేలో రాలిన గింజ, నత్తలు, పురుగులు వాటి మేత. రాత్రికి కాలువ గట్టున వల చుట్టి దొడ్డి కడతారు, పక్కనే తామూ నడుం వాలుస్తారు. అదే నీటి మడుగులో ఉత్తరాది నుంచి వచ్చిన సూదితోక బాతులు, నీటి కోళ్లు వాలతాయి. పైన కొంగలు, గూడబాతులు. అందరి మీదా వాలేవి అవే దోమలు. ఎటు నుంచి ఎటు ఏ క్రిమి పోతోందో, వలస పక్షి తెచ్చిందో, ఇక్కడే అంటించుకుని తిరుగు ప్రయాణంలో తీసుకుపోతోందో తెలుసుకోకుండా వలస పక్షి మీద నేరం మోపడం అన్యాయం. కొంగల గూళ్లున్న చింతచెట్టు కొట్టేయాలన్న మాట ఏ ఊళ్లో వచ్చినా ఈ పత్రిక దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తుంది.

పెరటి కోడి సంగతి ఇంకా దగ్గరిది. జుట్టు, తమ్మెలు పాలిపోతాయి. రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. మేత మానేసి మూల ముడుచుకు కూర్చుంటుంది. ఒక్కోసారి కాళ్లు చచ్చుబడతాయి. ఇంట్లో పెద్దావిడ చూసి ‘కొక్కెర తెగులు’ అంటుంది, అంటే వైరస్ వల్ల వచ్చే రాణిఖేత్ రోగం. సగం సార్లు ఆవిడ మాట నిజమే. కానీ కోళ్ల మలేరియా క్రిమి అయిన ప్లాస్మోడియం గల్లినేషియం కూడా దాదాపు ఇవే లక్షణాలు చూపిస్తుంది. మెదడులోని సన్నటి రక్తనాళాలను అది పూడ్చేసినప్పుడు కాళ్లు పడిపోతాయి. దీని పుట్టిల్లు అడవి కోడి ఒళ్లు, అంటే మన దక్షిణాసియా అడవులే. 1935లో శాస్త్రం దీనికి పేరు పెట్టింది శ్రీలంక కోళ్లలో చూసి. మన పాపికొండల వైపు అడవి కోళ్లున్నాయి. ఎర్ర అడవి కోడికి, బూడిద రంగు అడవి కోడికి గోదావరే ఎల్లగా పక్షి శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంతటి చోట కూర్చుని కూడా మనం రక్తం చూడకుండానే రోగానికి పేరు పెట్టేస్తున్నాం. పేరు తప్పితే మందూ తప్పుతుంది. నీళ్లలో ఏదో యాంటీబయాటిక్ కలిపేస్తే వైరస్‌కు అది ఎటూ పనిచేయదు, పరాన్నజీవికి ఏ మందు ఇవ్వాలో పలక చూస్తే గానీ తేలదు. సంక్రాంతికి ముందు జీడిపప్పు, బాదం పెట్టి కోడిపుంజుల మీద వేలకు వేలు పోసే ఇళ్లలో కూడా ఎవరూ ఒక చుక్క రక్తం పరీక్షకు పంపరు. పందేన్ని ఈ పత్రిక ఎన్నడూ సమర్థించలేదు. కోడి ప్రాణం మీద ఉన్న ఆ శ్రద్ధలో కాస్త పరీక్ష వైపు మళ్లితే మాత్రం సంతోషిస్తాం.

ఇక చేయాల్సిన పని. చచ్చిన పక్షి రక్తం ఎక్కువసేపు నిలవదు. పొద్దున పడిన పక్షిని సాయంత్రం తీస్తే, అందులోనూ అది నీటిలో నానితే, పలక మీద ఏమీ తేలదు. అందుకే జిల్లా కేంద్రం నుంచి ఎవరో వచ్చేదాకా ఆగే ఏర్పాటు పనికిరాదు. గాజు పలకలు, సూదులు, మిథనాల్ సీసా మండల పశు వైద్యశాలలో ఉండాలి. రక్షణ దుస్తులు, చేతి తొడుగులు కూడా ఉండాలి, ఎందుకంటే చచ్చిన పక్షికి వైరస్ ఉందో లేదో అప్పటికి తెలియదు. ఆ అనుమానం ఉన్నచోట ఫ్లూ నమూనాదే మొదటి స్థానం, అందులో రాజీ లేదు. గ్రామాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులకు పలక తీయడం నేర్పడానికి రెండు రోజుల శిక్షణ చాలు. చదవడం కష్టమైన పలకలు గన్నవరం పశువైద్య కళాశాలకు పంపొచ్చు. అక్కడి విద్యార్థులకు కూడా అదొక మంచి పాఠం.

అడవి పక్షిని పట్టుకోవడానికి, రక్తం తీయడానికి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. ఉండాలి కూడా, లేకపోతే పరీక్ష పేరు చెప్పి వలలు వేసేవాళ్లు తయారవుతారు. అయితే అటవీ శాఖ ఒక వైపు, పశుసంవర్ధక శాఖ మరో వైపు, దోమల పని చూసే ఆరోగ్య శాఖ ఇంకో వైపు ఉంటే చచ్చిన పక్షి ఎవరిదీ కాకుండా పోతుంది. కొల్లేరుకూ కోరింగకూ ఈ మూడు శాఖలు కలిసి ఒక్క బాధ్యుణ్ని నియమించి, ఆ ఫోన్ నంబరు ప్రతి పంచాయతీ గోడ మీదా రాయించాలి. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే మురుగు మడుగుల్లో దోమ విపరీతంగా పెరుగుతుంది. వాటిని తీయించే పని మన ఊరి పిల్లలకూ మేలు, పక్షికీ మేలు.

ఏటా జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. వాటి కాళ్లకు ఉంగరాలు తొడిగే పరిశోధకులు ఎప్పుడు ఎక్కడ వల వేసినా, పక్షి చేతిలో ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే ఒక పలక తీసుకోవచ్చు. అనుమతుల కాగితాలు కదలడానికి నెలలు పడతాయి కనుక, వచ్చే చలికాలపు పలకల కోసం దరఖాస్తు ఈ వానాకాలంలోనే పెట్టాలి.