చీకటి పడిన చోటల్లా మజిలీ కాదు
కారవాన్‌లో, అంటే పడుకునే వీలున్న ఇంటిలాంటి బండిలో, బయలుదేరిన దంపతులకు ముందస్తు ఏర్పాట్లేవీ అక్కర్లేదనీ, చీకటి పడిన చోటే మజిలీ అనీ కొండదారుల ప్రయాణం గురించిన వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మేము ఒడిశాలోని జయపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. సాలూరు నుంచి సుంకి ఘాట్, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మాకు బాగా అలవాటైన దారి. బరువు లారీలు తిరిగే ఆ మలుపుల్లో, కాస్త ఖాళీ కనిపించింది కదా అని రాత్రి బండి ఆపి పడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పైగా పడకలు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్ మోసే బండిని చిన్న గేరులో దించకుండా బ్రేకు మీదే కాలు ఉంచితే, సగం ఘాట్ దిగకముందే చక్రాల దగ్గర కమురు వాసన మొదలవుతుంది. నేనూ మా ఆవిడా అద్దె కారవాన్‌లో దేవమాలి వైపు వెళ్లినప్పుడు (1,672 మీటర్ల ఆ కొండ ఒడిశాలోకెల్లా ఎత్తైనది), దారిలో ఒక సంత అడ్డు వచ్చింది. అల్లం, పసుపు కుప్పల మీద కట్టిన టార్పాలిన్ తాళ్లను అమ్మకందార్లే ఓపికగా పైకెత్తి పట్టుకుంటే తప్ప మా బండి కదలలేదు. వ్యాసంలో కొండల అందం గురించి రాసినదంతా నిజమే, అందులో నాకు పేచీ లేదు. అయితే రాత్రి ఎక్కడ ఆగాలో, మంచినీళ్లు ఎక్కడ నింపుకోవాలో, వాడిన నీళ్లను గెడ్డల్లో (కొండవాగుల్లో) కలపకుండా ఎక్కడ వదలాలో పగలే విచారించుకోవాలని కూడా రాసి ఉండవలసింది.