మన పెళ్లిళ్ల హోటల్ పన్నులో మన చరిత్రకూ వాటా ఉంది

గత నవంబరులో మా దగ్గరి బంధువుల అమ్మాయి పెళ్లికి ఇక్కడ టెక్సాస్‌లోని మా ఊళ్లో ఒకే హోటల్లో నలభై గదులు మూడు రాత్రులకు తీసుకున్నారు. లెక్కలు చూసే పని నాకు అప్పగించడంతో బిల్లును పంక్తి పంక్తీ చదివాను. గదికి రాత్రికి 150 డాలర్ల చొప్పున అద్దె 18,000 డాలర్లు అయింది, దాని మీద రాష్ట్రానికి 6 శాతం, నగరానికి 7 శాతం హోటల్ పన్ను పడింది. అంటే ఒక్క తెలుగు పెళ్లితో మా నగర ఖజానాకు 1,260 డాలర్లు చేరాయి. టెక్సాస్ పన్ను చట్టంలోని 351వ అధ్యాయం ప్రకారం ఈ సొమ్మును నగరం తన ఇష్టం వచ్చినట్లు ఖర్చు పెట్టడానికి వీల్లేదు. చట్టం పేర్కొన్న పద్దుల కిందనే వాడాలి, ఆ పద్దుల్లో కళలు ఒకటి, చారిత్రక పరిరక్షణ మరొకటి. మా నగరం కళలకు ఇందులో 15 శాతం కేటాయిస్తుంది కనుక ఆ పెళ్లి నుంచి కళల పద్దుకు 189 డాలర్లు వెళ్లాయన్నమాట. ఇలాంటి పెళ్లిళ్లు, అరంగేట్రాలు, షష్టిపూర్తులు ఏడాదికి ఎన్ని జరుగుతాయో నేను మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ లెక్కను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ సొమ్ములోంచి నగరం ఇచ్చే గ్రాంటుకు దరఖాస్తు పెడదామని తెలుగు సంఘం సమావేశంలో ఎవరైనా అంటే, "మనవాళ్లను అడిగితే సరిపోయేదానికి ప్రభుత్వం ముందు చెయ్యి చాచడం ఎందుకండీ" అనే మాట తప్పకుండా వస్తుంది. నాతోనూ అన్నారు. అన్నవారు మంచివారే, ఏటా ఉగాదికి సొంత డబ్బుతో భోజనాలు పెట్టించేవారే. కాని అది చెయ్యి చాచడం కాదు. తెలంగాణ పల్లెల్లో పటం విప్పి కులపురాణం చెప్పే కళాకారుల కుటుంబాలకు ఫలానా ఊళ్లు ఫలానా వారివని పంపకాలు ఉండేవి. ఊరికి వచ్చి కథ చెప్పినప్పుడు తమకు రావలసినది మిరాశీ హక్కుగా, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కుగా, అడిగి తీసుకునేవారు. ఆ ఏర్పాటులో ఉన్న కులం బరువు నాకు తెలుసు, దానిని నేను మెచ్చుకోవడం లేదు. కథ చెప్పేవాడికి ఊరి రాబడిలో భాగం ఉంటుందన్న ఆలోచన మాత్రం మనకు కొత్తది కాదని గుర్తు చేస్తున్నాను. శాన్ ఫ్రాన్సిస్కో నగరం 1961 నుంచి హోటల్ పన్ను ఆధారంగానే కళాసంస్థలకు గ్రాంట్లు ఇస్తోంది. అక్కడి బృందాలెవరూ దానిని దానమనుకోవడం లేదు.

మేము దరఖాస్తు పెట్టింది నృత్య ప్రదర్శనకు కాదు, చరిత్ర కోసం. 1965 వలస చట్టం తరువాత ఈ ప్రాంతానికి వచ్చిన మొదటి తరం తెలుగువాళ్లు, వైద్యులు, ఇంజనీర్లు, వారి వెంట వచ్చి ఇక్కడే బడిపంతుళ్లుగా, బ్యాంకు ఉద్యోగులుగా స్థిరపడిన గృహిణులు, ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటారు. 1977లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదటి సభలు జరిగిన నాటికే వారిలో కొందరు ఇక్కడ ఉన్నారు. వారి మాటలను నమోదు చేసి, వారి దగ్గరున్న ఫోటోలను, కాగితాలను స్కాన్ చేసి, నగర గ్రంథాలయంలో ఒక ప్రదర్శన పెట్టి, ప్రతులను అక్కడే భద్రపరచాలన్నది మా ఆలోచన. అడిగింది 6,000 డాలర్లు.

మొదటి అడ్డంకి నగరం నుంచి రాలేదు, మన నుంచే వచ్చింది. దరఖాస్తుకు 501(సి)(3) హోదా, అంటే లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు, ఉన్న సంస్థ కావాలి. మేము ఆశ్రయించిన సంఘానికి ఆ హోదా ఉందని అందరూ నమ్మారు. గడువు తొమ్మిది రోజులు ఉందనగా ఐఆర్ఎస్ (అమెరికా కేంద్ర పన్నుల శాఖ) జాబితాలో వెతికితే అది రద్దయినట్లు కనిపించింది. 50,000 డాలర్లకు మించని రాబడి ఉన్న చిన్న సంస్థలు ఏడాదికొకసారి 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పత్రం పంపితే చాలు, పావుగంట పని. వరుసగా మూడేళ్లు పంపకపోతే హోదా దానంతటదే పోతుంది. కోశాధికారులు మారుతూ వచ్చారు, ఎవరికి వారు ముందువారు పంపారనుకున్నారు. చివరికి స్థానిక చరిత్ర సంఘం ఒకటి మా ప్రాజెక్టును తన గొడుగు కిందికి తీసుకోవడానికి ఒప్పుకుంది, వచ్చిన మొత్తంలో 8 శాతం నిర్వహణకు ఉంచుకునే షరతు మీద. ఆ షరతు న్యాయమైనదే. ఈ పోస్టు చదువుతున్న కార్యవర్గ సభ్యులు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ రాత్రే మీ సంఘం పేరు ఐఆర్ఎస్ వెబ్‌సైటులో వెతికి చూసుకోండి.

రెండవ అడ్డంకి దరఖాస్తు పత్రంలోనే ఉంది. "మీ కార్యక్రమం వల్ల నగరంలో ఎన్ని హోటల్ గదులు నిండుతాయి?" అనే ప్రశ్న దగ్గర నేను ఒక సాయంత్రమంతా ఆగిపోయాను. ఆ ప్రశ్న గుమాస్తా పెట్టినది కాదు, చట్టం పెట్టినది. హోటల్ పన్ను సొమ్ముతో చేసే ప్రతి ఖర్చూ రెండు పరీక్షలకు నిలవాలి: అది చట్టం చెప్పిన పద్దుల్లో ఒకదాని కిందికి రావాలి, దానితో పాటు పర్యాటకాన్నీ హోటల్, సమావేశాల వ్యాపారాన్నీ నేరుగా పెంచాలి. ఎనభై రెండేళ్ల పిన్నిగారు తన వంటింట్లో కూర్చుని 1974లో గోంగూర దొరక్క పుల్లటి ఆకు ఏదైనా దొరుకుతుందేమోనని మెక్సికన్ అంగడులన్నీ తిరిగిన సంగతి చెబుతుంటే, దాని వల్ల ఎన్ని గదులు నిండుతాయని రాయాలి? చారిత్రక పరిరక్షణ పద్దు కింద అడుగుదామంటే, అది పాత కట్టడాలనూ మ్యూజియంలనూ దృష్టిలో ఉంచుకుని రాసిన పద్దు. మన మొదటి తరానికి కట్టడాలు లేవు. వారు ఉగాది జరుపుకున్నది అద్దెకు తీసుకున్న బడి భోజనశాలల్లో, సత్యనారాయణ వ్రతాలు చేసుకున్నది అపార్ట్‌మెంటు గదుల్లో. వలస వచ్చిన వాళ్ల చరిత్ర గోడల్లో కాక గరాజుల్లోని అట్టపెట్టెల్లో ఉంటుందన్న సంగతి ఆ చట్టానికి తెలియదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీలో ఫోర్‌కల్చర్ అనే సంస్థ కళలకు వేరుగా, కట్టడాల పరిరక్షణకు వేరుగా, వారసత్వ చరిత్రకు వేరుగా గ్రాంట్లు ఇస్తుంది. అక్కడ ఇవ్వగలిగినప్పుడు మా రాష్ట్రంలో ఎందుకు కుదరదని శాసనసభ్యులను అడగవలసిన బాధ్యత మన మీద ఉంది.

మొదటి ఏడు మాకు గ్రాంటు రాలేదు. బహిరంగ సమీక్షలో ఒక సభ్యురాలు రెండు ప్రశ్నలు వేశారు. ఇది మీ సంఘం వారి కోసమేనా, నగరవాసులందరి కోసమా అన్నది మొదటిది. అది సరైన ప్రశ్న, దానికి నా దగ్గర సరైన జవాబు లేకపోవడం నా తప్పే. ఒక గంట రికార్డింగుకు పద్నాలుగు గంటల పని ఎందుకు చూపారన్నది రెండవది. తెలుగు మాటను విని, యాస పోకుండా అక్షరాల్లో పెట్టడానికి నాకు ఎనిమిది గంటలు పట్టింది, ఇంగ్లీషులోకి తేవడానికి మరో ఆరు. "బువ్వ తిన్నవా బిడ్డా అని అడిగేటోళ్లు లేకుండె" అన్న వాక్యం దగ్గర నేను ఆగి, వెనక్కి తిప్పి, ఎన్నిసార్లు విన్నానో, సమీక్షలో నాకిచ్చిన మూడు నిమిషాల వ్యవధిలో చెప్పలేకపోయాను.

ఆ దరఖాస్తుకూ, తరువాత పెట్టిన రెండవ దరఖాస్తుకూ మధ్య జరిగినది చెప్పకుండా ఉండలేను. ఆ పిన్నిగారి ఇంట్లో, గరాజులో, ఒక పాత చీరెల పెట్టె ఉండేది. అందులో 1970ల నాటి స్లైడ్లు, చేత్తో తెలుగులో రాసి జిరాక్సు తీసి పంచిన సంఘం కరపత్రాలు, నాటకం వేసిన రోజున అందరూ సంతకాలు చేసిన ఆహ్వానపత్రం ఉన్నాయి. నేను ఒకసారి చూసి, గ్రాంటు వచ్చాక అన్నీ కలిపి మంచి స్కానరుతో చేద్దామని మూత పెట్టేశాను. మరుసటి వేసవిలో ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు వెళ్లిపోతూ గరాజు ఖాళీ చేశారు. నేను ఫోన్ చేసేసరికి ఆ పెట్టెను నగరపాలక సంస్థ పెద్ద చెత్త బండి తీసుకుపోయి నాలుగు రోజులైంది. "అవి ఎవరికి పనికొస్తాయిలే అనుకున్నాం తల్లీ, ముందే ఒక్క మాట అనుంటే నీకే ఇచ్చేదాన్ని" అన్నారు ఆవిడ. నేను ఆ మాట అనలేదు. నా ఫోనులో ఆ ఆహ్వానపత్రం ఫోటో ఒక్కటి ఉంది, సగం నా వేళ్ల నీడ పడి.

రెండవసారి దరఖాస్తును మార్చి రాశాను. దసరా బొమ్మల కొలువుతో పాటు వారాంతపు ప్రదర్శన, ప్రతి చిత్రం కింద రెండు భాషల్లో వివరణ, పొరుగు నగరాల నుంచి వచ్చేవారికి హోటల్లో తక్కువ ధరకు గదులు, గ్రంథాలయంలో అందరికీ ప్రవేశం. 4,200 డాలర్లు మంజూరయ్యాయి. అయితే ముందు ఖర్చు పెట్టి రశీదులు చూపితేనే తిరిగి చెల్లిస్తారు. కార్యక్రమంలో ఎవరికైనా నష్టం జరిగితే చెల్లించే పది లక్షల డాలర్ల బాధ్యత బీమా కూడా చూపించాలి. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి క్రెడిట్ కార్డు మీద మూడు నెలలు మోశాను. మా ఊళ్లో హరికథ చెప్పగల పెద్దాయన ఒకరున్నారు, పగలు కిరాణా దుకాణంలో పనిచేస్తారు. ఆయన సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలంటే ఈ మూడు నెలలు ఎలా మోస్తారు? చిన్న గ్రాంట్లకైనా సగం సొమ్ము ముందుగా ఇవ్వాలని నగర మండలి సమావేశంలో నాకిచ్చిన సమయంలో అడిగాను, మళ్లీ అడుగుతాను. 2025 ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వపు మానవీయ శాస్త్రాల నిధి (ఎన్ఈహెచ్) రాష్ట్రాల మానవీయ శాస్త్రాల మండళ్లకు ఇచ్చే గ్రాంట్లను రద్దు చేసిన తరువాత, ఇలాంటి చిన్న చరిత్ర పనులకు తలుపు తట్టగలిగిన చోట్లలో నగరం ముఖ్యమైనదైంది.

మన సంఘాలు సినీ అతిథుల విమాన టికెట్లకు చందాలు పోగుచేయగలవు. అదే శ్రద్ధతో, ఏడాదికి ఒక్క దరఖాస్తు రాయడానికి ఇద్దరు మనుషులను కేటాయించమని అడుగుతున్నాను. నా దగ్గరున్న రెండు దరఖాస్తులు, నెగ్గినదీ ఓడినదీ, బడ్జెట్ పట్టికలతో సహా అడిగినవారికి పంపుతాను. మా ఊళ్లో ఇంకా పదకొండు ఇళ్లలో పెట్టెలు ఉన్నట్లు తెలిసింది. వచ్చే విడత దరఖాస్తులు తెరుచుకునే లోపు, గ్రాంటు సంగతి తేలకపోయినా సరే, ప్రతి శనివారం ఒక ఇంటికి నా స్కానరు పట్టుకుని వెళ్తున్నాను. ఈ వారం మూడవ ఇల్లు.