ఫలాపేక్ష లేని పాటలు

ఫలితం ఆశించకుండా పని చేసుకుపొమ్మని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. వింటాం, తలూపుతాం, ఒకటో తారీఖున జీతం పడకపోతే గోల చేస్తాం. ఈ సిద్ధాంతాన్ని రాజీ లేకుండా అమలు చేసిన ఘనత అమెరికా రికార్డు కంపెనీలకే దక్కాలి. 1960ల నుంచి 1990ల దాకా వచ్చిన సోల్, హిప్‌హాప్, డాన్స్ హిట్లలో చాలావాటి వెనక ఒక చక్కటి పని విభజన కనిపిస్తుంది. కర్మ వాయించేవాళ్లది, పాడేవాళ్లది. ఫలం అనే పాపిష్టి బరువును మాత్రం కంపెనీలే దయతో తమ భుజాన వేసుకున్నాయి.

మొదటి ఆశ్రమం డెట్రాయిట్‌లో వెలిసింది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టిన రికార్డు కంపెనీ, తర్వాత మోటౌన్ అయింది. ఒక మామూలు ఇల్లు కొని అందులోనే స్టూడియో పెట్టాడు. ముందు నిలబడి పాడేవాళ్లు మారేవారు: ఒక పూట సుప్రీమ్స్, ఇంకో పూట టెంప్టేషన్స్. వెనక వాయించే జట్టు చాలావరకు ఒకటే. ఫంక్ బ్రదర్స్ అని వాళ్లను వాళ్లే పిలుచుకునేవారు, ఇంకెవరూ పిలవరు కాబట్టి. రికార్డు అట్ట మీద వాళ్ల పేర్లు కనబడటానికి 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రావాల్సి వచ్చింది. పన్నెండేళ్ల మౌనవ్రతం అలా భంగమైంది.

ఆ జట్టులో బాస్ గిటార్ జేమ్స్ జేమర్‌సన్‌ది. 1983లో మోటౌన్ పాతికేళ్ల పండగను కాలిఫోర్నియాలో టీవీ కోసం అట్టహాసంగా చేశారు. జేమర్‌సన్ టికెట్ కొనుక్కుని వెళ్లి బాల్కనీలో కూర్చుని చూశాడు. కంపెనీని తప్పుపట్టేవాళ్లు ఒక సంగతి మర్చిపోతున్నారు. వేదిక మీద చోటు ఇచ్చి ఉంటే, ఆయన జీవితమంతా కాపాడుకొచ్చిన నిరాడంబరత ఒక్క సాయంత్రంలో మట్టిగొట్టుకుపోయేది.

సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో క్రమశిక్షణ ఇంకా గట్టిది. వాయించడంలో తప్పు దొర్లితే జరిమానా. 1969 నవంబరులో సిన్సినాటిలో ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డు చేస్తున్నప్పుడు, డ్రమ్మర్‌కూ కాస్త ఇద్దాం అని ఆయన పాట మధ్యలో స్వయంగా అంటాడు. ఆ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌కు దక్కింది ఆ ‘కాస్త’ మాత్రమే: ఒంటరిగా వాయించడానికి కొన్ని సెకన్లు. తర్వాత హిప్‌హాప్ కుర్రాళ్లు ఆ ముక్కనే కోసి వందల పాటల కింద పరిచారు. రచయితగా లేబుల్ మీద ఉన్నది బ్రౌన్ పేరు. డ్రమ్మర్‌కు రాయల్టీ లేదు.

ఇంతకన్నా పెద్ద సిద్ధుడు గ్రెగరీ కోల్‌మన్. వాషింగ్టన్‌కు చెందిన ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో ఒక హిట్ రికార్డు విడుదల చేసింది. దాని రెండో వైపు నింపడానికి ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్య సంగీతం వేశారు. మధ్యలో మిగతావాళ్లంతా ఆగిపోతారు, కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు డ్రమ్స్ వాయిస్తాడు. ఆరేడు సెకన్లు, అంతే. ఆ ముక్క వేల పాటల్లోకి వెళ్లింది. ఎన్.డబ్ల్యు.ఎ. అనే రాప్ బృందం వాడుకుంది. ఇంగ్లండ్‌లో దాన్ని వేగం పెంచి, ముక్కలు చేసి, అటూ ఇటూ తిప్పి జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అనే సంగీత రకాలనే నిలబెట్టారు. ఆరు సెకన్ల పెట్టుబడి మీద ఇంత దిగుబడి ఇంకే పరిశ్రమలోనూ రాదేమో. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లూవాకిలీ లేకుండా చనిపోయాడు. సన్యాసికి ఇల్లెందుకు అని అడిగేవాళ్లకు ఇక్కడ నా దగ్గర సమాధానం లేదు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు కూడా ఆ వాడకాల నుంచి చిల్లిగవ్వ రాలేదు. చివరికి 2015లో బ్రిటన్‌లో అభిమానులు చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు పంపారు.

ఇదంతా దొంగతనం కదా అని తొందరపడేవాళ్లు చట్టం చదవాలి. పాటలో రెండు ఆస్తులుంటాయి. రాగం, సాహిత్యం రాసినవాడిది. రికార్డింగ్ సాధారణంగా కంపెనీది. కూలికి వచ్చి దరువేసి వెళ్లినవాడు ఈ రెండు గట్లకూ బయటే ఉంటాడు. పైగా అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డింగులకు ఫెడరల్ కాపీరైటే ఉండేది కాదు. చట్టం నిద్రపోయిందని అనకూడదు. 1991లో బిజ్ మార్కీ అనే రాపర్, గిల్బర్ట్ ఓసల్లివన్ పాట ముక్క అనుమతి లేకుండా వాడుకున్నాడు. జడ్జి తీర్పును ‘నీవు దొంగిలించరాదు’ అనే బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టాడు. తన పాట తానే రాసుకున్నవాడి సొమ్ము పోతే దైవాజ్ఞ దిగివస్తుంది. డ్రమ్మర్ విషయంలో దేవుడు ఇంకా ఆలోచిస్తున్నాడు. మార్కీ తర్వాతి ఆల్బమ్‌కు ‘ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!’ (వాడిన ముక్కలన్నిటికీ అనుమతి ఉంది!) అని పేరు పెట్టాడు. ఆశ్చర్యార్థకం ఆయనదే.

ఇక హిప్‌హాప్‌ను అమెరికా ఇళ్లలోకి తెచ్చిన ‘రాపర్స్ డిలైట్’ సంగతి. 1979 నాటి రికార్డు. దాని కింద మోగే బాస్ షిక్ బృందం ‘గుడ్ టైమ్స్’ది. దాన్ని రాసిన షిక్ సభ్యులు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దావా వేస్తామనగానే వాళ్ల పేర్లు లేబుల్ మీదికి ఎక్కాయి. ఫలాపేక్ష ఉన్నవాళ్లు అన్ని చోట్లా ఉంటారు. పై అంతస్తులో ఇంకా రసవత్తరమైన కథ ఉంది. పాడిన ముగ్గురిలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్, అప్పటిదాకా పిజ్జా షాపులో పనిచేసేవాడు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే రాపర్ రాసుకున్న చరణాలు తీసుకుని పాడేశాడు. కాజ్‌కు కాసనోవా ఫ్లై అని ఇంకో పేరుంది. హ్యాంక్ ఆ పేరును కూడా వదలకుండా, రికార్డులో తన గురించి చెప్పుకుంటూ అక్షరం అక్షరం విడదీసి మరీ పాడాడు. ఎదుటివాడి జవాబుపత్రం చూసి రాస్తూ వాడి హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించేసిన నిజాయితీ ఇది. కాజ్‌కు పేరు లేదంటారేం? పాటలోనే ఉందిగా.

సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు వెటకారంగా అంటారు. డాన్స్ సంగీతం ఆ సామెతను వ్యాపార నమూనాగా మార్చింది. 1989లో ఇటలీ బృందం బ్లాక్ బాక్స్ పాట ‘రైడ్ ఆన్ టైమ్’ బ్రిటన్‌లో ఆరు వారాలు నంబర్ వన్. గొంతు లొలీటా హాలోవే అనే గాయని 1980లో పాడిన పాటలోంచి కోసుకున్నది. తెర మీద పెదవులు కదిపింది కత్రిన్ క్వినోల్ అనే మోడల్. అదే మోడల్ ఆ బృందం ఇంకో హిట్‌లో మార్తా వాష్ అనే గాయని గొంతుకు కూడా పెదవులు అరువిచ్చింది. వాష్ పాడిన సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే బృందం హిట్ వీడియోలోనూ ఇంకో అమ్మాయే కనిపిస్తుంది. వాష్ లావుగా ఉంది, కెమెరా ఇరుకు, అదీ కారణం. సావిత్రి పెదవులు, సుశీల గొంతు చూసి పెరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు. మనవాళ్లు చేసిన పొరపాటల్లా టైటిల్స్‌లో సుశీల పేరు వేయడమే. వాష్ కోర్టుకెక్కి, పాడినవాళ్ల పేరు రాయక తప్పని రోజులు తెచ్చింది. ఒక మహత్తర సంప్రదాయం అలా చెడిపోయింది.

ఈ జాడ్యం ఇండియాకూ అంటింది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికా గాయని పాడిన ‘అడిక్టివ్’లో లతా మంగేష్కర్ గొంతు మోగుతుంది. అది బప్పీ లహరి 1981లో ఒక హిందీ సినిమాకు చేసిన బాణీ. సారెగమ కంపెనీ 50 కోట్ల డాలర్లకు దావా వేసింది. బప్పీదా విడిగా కోర్టుకు వెళ్లారు. బప్పీదా పేరు లేకుండా సీడీలు అమ్మకూడదని జడ్జి మొదట అన్నాడు. మన సంగీత దర్శకుడికి అక్కడ గెలుపని మనం మురిసేలోగా వ్యాజ్యం ముదిరింది. కాంట్రాక్టులు తిరగేస్తే ఆ పాట మీద ఆయనకు హక్కే లేదని తేలింది, ఆయన తరఫు లాయర్‌కు జరిమానా కూడా పడింది. బాణీ కట్టినంత మాత్రాన బాణీ మనదవుతుందా?

ఇంత చెడిపోయిన కాలంలోనూ ఒక్క సంస్థ మడి తప్పలేదు. అమెరికా రేడియో. అక్కడ ఎఫ్ఎం స్టేషన్లు పాట మోగిస్తే రాసినవాళ్లకు డబ్బిస్తాయి, పాడినవాళ్లకు ఇవ్వవు. ఉచిత ప్రచారం చేస్తున్నాం, ఇంకా డబ్బులా అని వాటి వాదన. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన ‘రెస్పెక్ట్’ అలా అర్ధశతాబ్దం మోగింది. 2018లో ఆమె పోయినప్పుడు కూడా మోగింది. పాట రాసిన ఓటిస్ రెడ్డింగ్ తరఫువాళ్లకు మాత్రం వాటా వెళ్తుంది. ఆయన 1967లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు కాబట్టి, ఇక ఫలాపేక్ష ఉండే ప్రమాదం లేదని చట్టం భావించి ఉండాలి.