ఆలుగడ్డ మానేసి అన్నం తినమంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

వాట్సాప్‌లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది, ఫ్యామిలీ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఎక్కడ చూసినా అదే. ఆలుగడ్డలో పిండి తప్ప ఇంకేం లేదట, తింటే ఒళ్ళొస్తుందట, షుగర్ ఉన్నవాళ్ళు ఒక్క ముక్క కూడా ముట్టకూడదట, తొక్క విషమట, అన్నం మాత్రం తాతల నాటి తిండి కాబట్టి ఎంతైనా తినొచ్చట. ఆ చివరి మాటే నాకు భయం వేసింది. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఇది నమ్మి ఆలు కూర పక్కన పెట్టేసి ఇంకో హస్తం అన్నం వేయించుకుంటున్నారు.

ముందు ఆ "ఇంకేం లేదు" సంగతి. 100 గ్రాముల ఉడికించిన ఆలుగడ్డలో సుమారు 87 క్యాలరీలు, 20 గ్రాముల పిండిపదార్థం, 2 గ్రాముల దాకా పీచు ఉంటాయి. అదే 100 గ్రాముల తెల్లన్నం తీసుకుంటే 130 క్యాలరీలు, 28 గ్రాముల పిండిపదార్థం, పీచు అర గ్రాము కూడా ఉండదు. తొక్కతో ఉడికించిన ఆలులో పొటాషియం 380 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే అన్నంలో 35 దగ్గర ఆగిపోతుంది, విటమిన్ సి ఆలులో 13 మిల్లీగ్రాములు, అన్నంలో అసలుండదు. మరి ఏది ఉత్త పిండి?

ఇక ఒళ్ళు రావడం. 1995లో ఆస్ట్రేలియాలో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 38 రకాల తిండి తీసుకుని, అన్నీ ఒకే క్యాలరీలు ఉండేలా కొలిచి పెట్టి, ఏది తింటే ఎక్కువసేపు ఆకలి వేయదో చూశారు. తెల్ల బ్రెడ్‌కి 100 అనుకుంటే తెల్లన్నానికి 138 వచ్చింది, ఉడికించిన ఆలుగడ్డకి 323, మొత్తం లిస్టులో అదే ఫస్టు. ఫ్రెంచ్ ఫ్రైస్‌కి 116 మాత్రమే. దుంప అదే, నూనెలో వేగిందంతే. మన వేపుడు ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకోండి, ముక్కలు అంటుకోకుండా ఎర్రగా రావాలని మూకుట్లో నూనె పోస్తూనే ఉంటాం, అదంతా ముక్కలు పీల్చుకుంటాయి, ఒక్క పెద్ద చెంచా నూనె అంటేనే 120 క్యాలరీలు, అంటే దాదాపు ఇంకో ఆలుగడ్డ తిన్నట్టే. పైగా ఆ వేపుడు కలుపుకునేది పప్పన్నంలోనో సాంబారన్నంలోనో, అంటే పిండి మీద పిండి, దాని మీద నూనె. దాంతో పొట్ట పెరిగితే నింద దుంప మీద వేస్తున్నాం. అదే కుక్కర్లో తొక్కతో ఉడికించి, వలిచి, రెండు టీస్పూన్ల నూనెలో ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి పోపు పెట్టి పసుపు వేసి కలిపితే కూర అయిపోయినట్టే, నిమ్మకాయ పిండితే ఇంకా బాగుంటుంది.

షుగర్ సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే మెసేజ్‌లో సగం నిజం ఉన్నది ఇక్కడే. ఆలుగడ్డ గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, ఎక్కువే, ఉడికించినదానికి సగటున 78 అంటారు, మెత్తగా మెదిపితే ఇంకా ఎక్కువ. కానీ తెల్లన్నానికి 73, అంటే పెద్ద తేడా ఏం లేదు, ఒకటి విషం ఇంకొకటి అమృతం ఎలా అవుతాయి? 2025లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో ఒక పెద్ద స్టడీ వచ్చింది, అమెరికాలో 2,05,000 మందికి పైగా వైద్యరంగం వాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. వారానికి మూడుసార్లు ఫ్రెంచ్ ఫ్రైస్ తినేవాళ్ళలో టైప్ 2 డయాబెటిస్ రిస్కు 20 శాతం ఎక్కువ కనిపించింది, ఉడికించినవి, బేక్ చేసినవి, మెదిపినవి తిన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆలుగడ్డ బదులు ముడి ధాన్యాలు తింటే రిస్కు తగ్గింది, తెల్లన్నం తింటే పెరిగింది. వాళ్ళ తిండి వేరు మన తిండి వేరు, ఇలాంటి స్టడీలు కారణాన్ని పక్కాగా నిరూపించవు, ఒప్పుకుంటాను. అయినా ఆలు మానేసి అన్నం తినండి అనే సలహాకి మాత్రం ఇది పూర్తిగా ఎదురు.

తొక్క గురించి. మంచి తొక్క శుభ్రంగా కడిగితే తినొచ్చు. పచ్చబడిన చోట, మొలకల్లో సొలనిన్ అనే విషపదార్థం పేరుకుంటుంది, వండినా పోదు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగం లోతుగా కోసేయండి, బాగా పచ్చబడినా చేదుగా ఉన్నా పారేయండి. ఎండ తగలకుండా చీకట్లో ఉంచితే ఆ గొడవ చాలావరకు ఉండదు.

నిజంగా జాగ్రత్తపడాల్సిన కిడ్నీ పేషెంట్ల గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు! పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు ఆలు ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మిగతావాళ్ళం ఆలుని కూర లెక్కలోంచి తీసి అన్నం లెక్కలో వేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటుంది కదా, అందులో ఆలుగడ్డని కలపదు. కాబట్టి ఆలు కూర చేసిన రోజు అన్నం సగానికి తగ్గించి, పక్కన తోటకూర పప్పో బీరకాయో పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు అలా తిన్న రెండు గంటలకి ఇంట్లో మీటర్‌తో చూసుకోండి, ఇంకో రోజు మామూలుగా అన్నం తిన్నాక కూడా చూసి, రెండు రీడింగులూ మీ డాక్టర్‌కి చూపించండి.